ఏ బోరు ఈరన్న?

పొద్దున షట్టరు ఎత్తి, గడప ముందు నీళ్లు చల్లి, వాసవమ్మవారి పటం ముందు అగరొత్తులు వెలిగించాక, శ్రీవాసవి తన కుర్చీలో కూర్చుని ఫోను దగ్గరికి లాక్కుంటుంది. ఎవరో ఒక రైతుకు ఫోను చేస్తుంది. రోజుకు ఒక్కరికే. కొత్త మోటరు అమ్మడానికి కాదు, పాతదాని గురించి గొప్పలు చెప్పడానికీ కాదు. అడిగేది ఒకటే మాట.

"నీళ్లు వస్తాండాయా?"

కొందరు వస్తాండాయని చెప్పి పెట్టేస్తారు. కొందరు నీళ్ల సంగతి వదిలేసి కూతురి కాన్పు గురించో, పక్క చేనాయన గట్టు తవ్విన సంగతో ఎత్తుకుంటారు. అవన్నీ ఆమె వింటుంది. మధ్యలో తొందర పెట్టదు. ఫోను పెట్టేశాకే కంప్యూటరు ఆన్ చేస్తుంది.

శ్రీవాసవి మా పెదనాన్న కేశవయ్య కూతురు. నాకు అక్క. కర్నూలు పాతబస్టాండుకు దగ్గరలో పెదనాన్నకు బోరు మోటర్ల దుకాణం ఉంది. కోయంబత్తూరు నుంచి మోటర్లు దిగుతాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు రైతులు ఎక్కువగా ఇక్కడే కొంటారు. ఆ పడమటి ఊళ్లలో వాన మీద నమ్మకం పెట్టుకుని బతికేవాళ్లు తక్కువ. బోరులో నీళ్లుంటే ఊళ్లో ఉంటారు, లేకుంటే ఇంటికి తాళం వేసి సుగ్గికి పోతారు. సుగ్గి అంటే పంట కోతల కాలంలో కూలికి వేరే ఊళ్లకు పోవడం. అందుకే అక్కడ మోటరు కాలిందంటే ఇంట్లో మనిషికి జబ్బు చేసినంత కంగారు.

ఆ కంగారంతా ఒకప్పుడు మా పెదనాన్న దుకాణం షట్టరు మీద ఉండేది. ఏ ఊరి నుంచి ఫోను వచ్చినా, పైకి చుట్టుకోకుండా మిగిలిన షట్టరు అంచు లోపలి వైపు సుద్దముక్కతో పేరూ ఊరూ రాసేవారు. మెకానిక్కు రామాంజి సంచి భుజాన వేసుకుని, తల పైకెత్తి అవి చదువుకుని బయలుదేరేవాడు. గాలివానకు జల్లు కొట్టిన రోజుల్లో సగం పేర్లు చెరిగిపోయేవి. పేరు చెరిగిన రైతు మళ్లీ ఫోను చేసి తిట్టేదాకా ఎవరికీ గుర్తుండేవాడు కాదు.

అక్క ఎం.సి.ఏ. చదివి, హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో కొంతకాలం పనిచేసింది. ఆ కంపెనీ మూతపడితే ఇంటికి వచ్చేసింది. మళ్లీ హైదరాబాదు పోవాలని ఆమెకు లేదు. ఆ ఊళ్లో తనకు నిద్ర పట్టదని చెప్పేది. అయితే ప్రోగ్రాములు రాయడం తప్ప ఇంకో పని చేయాలనీ లేదు. కర్నూలులో ఆ రెండూ ఒకచోట కుదిరే దారి కనపడక, దుకాణంలో బిల్లులు రాస్తూ కూర్చునేది.

2005 చివరలో మోటర్ల కంపెనీ మనిషి వచ్చి ఒక మాట చెప్పి పోయాడు. ఎవరి మోటరు ఎప్పుడు బిగించారు, ఎప్పుడు చెడింది, ఎప్పుడు బాగయింది అన్నీ కంప్యూటరులో పెట్టుకున్న దుకాణానికే ఇక మీదట గ్యారంటీ మరమ్మతులు చేసే హక్కు ఇస్తారట. లేనివాళ్లు మోటర్లు అమ్ముకోవడం వరకే.

ఆ రోజు భోజనాల దగ్గర పెదనాన్న కొడుకు, మా అన్న తేజేశ్వర్ మాట ఎత్తాడు.

"ఆ ప్రోగ్రామును సి.ఆర్.ఎం. అంటారు నాయనా. హైదరాబాదులో రెడీగా దొరుకుతాది. దాంతో పాటు నడిపే మనిషిని కూడా వాళ్లే పంపిస్తారు. పెద్ద పెద్ద షాపులన్నీ అదే వాడతాండాయి."

"నేను రాస్తా," అంది అక్క.

పెదనాన్న అన్నం కలపడం ఆపారు. "రాయడమంటే? మన దుకాణానికి సరిపోయేది నీకు వచ్చునా?"

"రాదు. నేర్చుకుంటా."

"అది నేర్చుకునే లోపల కంపెనీ ఇంకొకరిని చూసుకుంటాది," అన్నాడు తేజేశ్వర్.

పెదనాన్న వ్యాపారంలో ఎంత గట్టివారో మాటలోనూ అంతే. "ఉగాది దాకా చూద్దాం," అన్నారు. "పనికొస్తే వాసవి రాసిందే ఉంటుంది. రాకుంటే తేజా చెప్పింది కొంటాం. అప్పుడు నువ్వు అలగకూడదు."

అక్క తల ఊపింది. హైదరాబాదు ప్యాకేజీతో పాటు దాన్ని నడిపే మనిషి వస్తే ఆ కుర్చీలో తనకు పని ఉండదని ఆమెకు తెలుసు. పని ఉండకపోతే ఎటు పోవాలో కూడా తెలుసు.

మొదలు పెట్టడమే కష్టమైంది. ఆమె ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెప్పించుకుంది. అందులో బొమ్మల నిండా టైలు కట్టుకుని చేతులు కలుపుకునే మనుషులు. మొదటి అధ్యాయంలో మాత్రం ఆమెకు పనికొచ్చే ప్రశ్న ఒకటి ఉంది: నీ దగ్గరికి వచ్చేది ఎవరు? ఆమె మేడ మీద చాప పరుచుకుని కాగితం మీద మూడు గళ్లు గీసింది. ఒకటి మనిషి, ఒకటి మోటరు, ఒకటి ఫిర్యాదు. వాటి మధ్య గీతలు కలిపి నాకు చూపించింది.

"ఒక మనిషికి ఎన్ని మోటర్లైనా ఉండొచ్చు. ఒక మోటరు ఎన్నిసార్లైనా చెడిపోవచ్చు. మనం మనిషిని పట్టుకుంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయి."

ఇంట్లో ఉన్న కంప్యూటరులో అది రాసింది. పరీక్షించి చూడటానికి మా చుట్టాల పేర్లే రైతుల పేర్లుగా ఎక్కించింది. నా పేరు మీద కూడా ఒక మోటరు ఉండేది. అది మాటిమాటికీ కాలిపోయేది. అంతా చక్కగా నడుస్తోందని నమ్మకం కుదిరాక సీడీలోకి ఎక్కించుకుని దుకాణానికి తీసుకుపోయింది. అక్కడ అసలు తెరుచుకోనే లేదు. ఇంటి కంప్యూటరులో ముందే ఉన్న చిన్న చిన్న ప్రోగ్రాముల సరంజామా ఏదీ దుకాణం కంప్యూటరులో లేదు. ఏది లేదో చెప్పకుండా అది ఊరికే తప్పు జరిగిందని ఒక నంబరు చూపించి ఆగిపోయేది. ఒక్కొక్కటీ వెతికి పెట్టేసరికి కరెంటు పోయేది. యు.పి.ఎస్. కీచుమంటూ అరిచేది.

"ఏం పాపా, పురుడు పోస్తాండావా దానికి?" అని నవ్వేవాడు రామాంజి, గ్రీసు చేతులతో కీబోర్డును ముట్టుకోబోతూ. అక్క కీబోర్డు మీద ప్లాస్టిక్కు కాగితం పరిచింది.

ప్రోగ్రాము రాయడం వేరు, దాన్ని ఒక చోట బిగించి నడిపించడం వేరని ఆమె ఆ వారంలో నేర్చుకుంది. మోటరు కొనడం వేరు, బోరులోకి దించడం వేరు అన్నట్లే.

నడక మొదలయ్యాక పాత బిల్లులన్నీ ముందేసుకుని పేరు, ఊరు, ఫోను నంబరు ఎక్కించింది. అప్పట్లో కంప్యూటరులో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసేది. ఒకే మనిషి ఒక బిల్లులో ఇంటిపేరు అక్షరంతో, ఇంకో బిల్లులో అది లేకుండా కనపడేవాడు. మా ఇళ్లలో ఇంటిపేరు మొదటి అక్షరాన్ని పేరుకు ముందు పెట్టుకోవడం అలవాటు, ఒక్కోసారి వదిలేయడమూ అలవాటే. అందుకని ఆమె ఒక నియమం రాసింది. పేరుకు ముందున్న ఒంటి అక్షరాన్ని తీసేసి చూడాలి. మిగిలిన పేరూ ఊరూ ఫోనూ ఒకటే అయితే ఆ ఇద్దరూ ఒక్కరే. వాళ్లను కలిపేయాలి. దానికి తోడు ఇంకొకటి: రైతులు ఒకే సంగతికి పొద్దునా సాయంత్రం ఫోను చేస్తుంటారు కాబట్టి, పేరు మళ్లీ వస్తే కొత్త ఫిర్యాదు రాయకుండా పాతదానికే జతచేయాలి.

ఆ నియమాలు నడిచిన సాయంత్రం రైతుల సంఖ్య బాగా తగ్గింది. ఇల్లంతా ఊడ్చి, చీపురు మూలన పెట్టిన మనిషిలా తృప్తిగా కూర్చుంది అక్క.

సంక్రాంతి వెళ్లేదాకా అంతా నెమ్మదిగా సాగింది. పొద్దున్నే రామాంజికి ఆ రోజు పోవలసిన చోట్లన్నీ ఒక చీటీ మీద అచ్చై వచ్చేవి. పెదనాన్న ఆ చీటీని వెలుతురులో పట్టుకుని చూసి, బాగుందని చెప్పకుండా బాగుందన్నట్లు జేబులో పెట్టుకునేవారు. తేజేశ్వర్ హైదరాబాదు మాట ఎత్తడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఎత్తైన మనిషి ఒకాయన, తలకు తువ్వాలు చుట్టుకుని దుకాణం మెట్టు మీద నిలబడ్డాడు.

"శెట్టీ, మీ మేస్త్రీ బతికే ఉండాడా?"

పెదనాన్న కళ్లజోడు తీశారు. "ఏమప్పా, వస్తానే అట్లంటివి? లోపలికి రా. ఏ ఊరు?"

"కోసిగి. చిన్న ఈరన్న. మోటరు కాలిందని శేషన్న అంగట్లో నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేస్తాండా. రాసుకున్నాం వస్తాడు, రాసుకున్నాం వస్తాడు అంటాది ఒక ఆడపిల్ల. యాడొచ్చినాడు? ఉల్లిగడ్డ నిలువునా ఎండిపోతాండాది."

ఆ ఆడపిల్ల తానేనని అక్క చెప్పలేదు. కంప్యూటరులో వెతికింది. ఈరన్న, కోసిగి, శేషన్న అంగడి ఫోను. ఫిర్యాదు వచ్చింది, రామాంజి పోయాడు, పని అయిపోయింది.

"బాగు చేసినట్లే ఉందే," అంది మెల్లగా.

"యాడుండాది?"

"కంప్యూటర్లో."

"అయితే ఆ కంప్యూటర్లోనే ఉల్లిగడ్డ పెట్టుకో పాపా. నా చేన్లో అయితే నీళ్లు రావడంల్యా."

రామాంజి వెనక గదిలోంచి వచ్చాడు. "నేను పోయొచ్చినా అయ్యా. ఈరన్న ఇంటికే పోయినా. మోటరు బాగానే పారతాండె. నడిచే మోటరుకు నన్నేంటికి పంపించినారో అనుకుని, స్టార్టరు తుడిచి వచ్చేస్తి. టీ కూడా ఇచ్చినారు."

"అది పెద్ద ఈరన్న ఇల్లు," అన్నాడు ఆ మనిషి. "మా పెదనాయన కొడుకు. టీ తాపుతాడు, తాపడా మరి. పిలవకుండానే మేస్త్రీ వచ్చి స్టార్టరు తుడిచిపోతే."

"ఇది నాది కాదు, మా తమ్మునిదో అన్నదో అని ఆయన చెప్పొచ్చు కదా," అంది అక్క.

"మాకు మాటల్లేవు."

అక్క పాత బిల్లుల కట్ట విప్పింది. పెదనాన్న చేతిరాతలో రెండు బిల్లులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద పి. ఈరన్న. ఇంకోదాని మీద సి. ఈరన్న.

"నాయనా, ఈ పి. అంటే ఇంటిపేరు కాదా?"

"ఇంటిపేరు ఎవరడిగినారు? పెద్ద. ఇది చిన్న. బిల్లు మీద చోటుండదని ఒక్క అక్షరం రాస్తా."

ఆమె తీసేసింది ఇంటిపేర్లు కాదు. పెద్దనూ చిన్ననూ తీసేసింది. ఇద్దరూ ఫోను చేసేది శేషన్న అంగడి నుంచే కాబట్టి నంబరూ ఒకటే. ఇద్దరు రైతులు కలిసి ఒక్క మనిషి అయిపోయారు. చిన్న ఈరన్న చేసిన ప్రతి ఫోనూ ఆ అయిపోయిన ఫిర్యాదుకే జతపడుతూ వచ్చింది.

పెదనాన్న గొంతు పెంచలేదు. "ఆ పెట్టె ఆపెయ్యి," అన్నారు. "రామాంజీ, ఇప్పుడే ఈయనతో పాటు బయలుదేరు. కొత్త మోటరు వేసుకుని పో."

"హైదరాబాదుకు ఫోన్ చెయ్యనా?" అన్నాడు తేజేశ్వర్.

"చెయ్యి. ఉగాది అయిన మరుసటి దినం రమ్మను."

ఇంటికి వచ్చాక అక్క అన్నం తినలేదు. మా పెద్దమ్మ వెంకటలక్ష్మమ్మ రెండుసార్లు పిలిచి ఊరుకుంది. చాలాసేపటికి అక్కే వచ్చి పెదనాన్న ముందు కూర్చుంది.

"రేపు నేను కోసిగికి పోతా నాయనా."

"పోయి? పైపులు ఎత్తుతావా?"

"ఎక్కడ తప్పు పోయిందో చూస్తా. నీ చేతిరాత చదువుకుని ఆ మనుషులు నాకు తెలుసనుకుంటి. ఒక్కరినీ చూడలేదు."

పెద్దమ్మ నన్ను తోడు పంపింది, చిత్రాన్నం డబ్బా ఇచ్చి.

మేము ఎమ్మిగనూరు మీదుగా బస్సులో పోయేసరికి ఎండ ముదిరింది. చిన్న ఈరన్న చేను ఊరికి దూరంగా, రైలుకట్ట పక్కన ఉంది. ఒకే చేనును ఈరన్నలిద్దరూ మధ్యలో గట్టు వేసి పంచుకున్నారు. గట్టుకు అవతల ఉల్లి పచ్చగా నిలబడి ఉంది. ఇవతల కొసలన్నీ పసుపుబారి వాలిపోయాయి. మధ్యలో మూడు కాళ్ల ఇనుప స్తంభం నిలబెట్టి, గొలుసు వేసి పైపులు పైకి లాగుతున్నారు. రామాంజి అరుస్తున్నాడు, మిగిలినవాళ్లు లాగుతున్నారు. కట్ట మీద గూడ్సు బండి పోతున్నంతసేపూ ఎవరి మాటా వినపడలేదు.

పైపులు లాగేవాళ్లు దమ్ము తీసుకోవడానికి కూర్చున్నప్పుడు అక్క ఒక్కొక్కరినే పేరు అడిగింది.

"ఈరన్న."

"మీరు?"

"ఈరప్ప."

"మీది?"

"నాదీ ఈరన్నే పాపా. ఏం చేయల్ల?"

అందరూ నవ్వారు. చిన్న ఈరన్న భార్య గిడ్డమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. "ఉరుకుంద ఈరన్నసామికి మొక్కుకుని కన్న బిడ్డలమ్మా. మా ఊర్లో ఈరన్నా అని ఒక్క కేక వేస్తే సగం మంది తిరిగి చూస్తారు. ఇంకో సగం మంది, మా ఇంటాయన యాడికి పోయినాడని ఎదురు అడుగుతారు."

"మరి పెద్ద ఈరన్న మీ ఆయనకు అన్న అవుతాడా?"

"వానికన్నా నేనే పెద్ద," అన్నాడు చిన్న ఈరన్న.

"మరి ఆయన పెద్ద ఎట్లయినాడు?"

"వాళ్ల నాయన పెద్దాయన, మా నాయన చిన్నాయన. అందుకని వాడు పుట్టంగానే పెద్దోడయినాడు. నేను గడ్డం నెరిసినా చిన్నోడినే."

మేము మా తెలుగు తరగతిలో విశేషణం గురించి ఎంతో చదువుకుంటాం. విశేషణాన్ని తీసేసినా నామవాచకం నిలబడుతుందని అనుకుంటాం. ఇక్కడ ఆ పెద్దను తీసేస్తే ఈరన్న మిగలడు. ఎవరైనా కావచ్చునన్న ఒక శబ్దం మాత్రం మిగులుతుంది. అక్క ముఖం చూస్తే ఆ సంగతి ఆమెకు అప్పటికే తెలిసిపోయినట్లుంది.

కొత్త మోటరు దిగి, పైపు నోట్లోంచి మొదట బురదా, తరువాత ఎర్రనీళ్లూ, ఆ తరువాత తేట నీళ్లూ వచ్చేసరికి పొద్దు వాలింది. గిడ్డమ్మ కాలువ గట్టు మీద కూర్చుని నీళ్ల వైపే చూస్తోంది.

"ఈ వారం రాకుంటే తాళం ఏసుకుని సుగ్గికి పోతాంటిమి," అంది అక్కతో. "గుంటూరు దిక్కు మిరపకాయలు కొయ్యనీకి. పిల్లోల్ల బడి మాన్పించల్ల అప్పుడు. సగమన్నా దక్కుతాది ఇప్పుడు. పోనీలే."

అక్క ఆమె పక్కన కూర్చుంది. "తప్పు నాదేనమ్మా," అంది.

"నీదని తెలుసులే. ఫోన్లో గొంతు గుర్తుపట్టినా. మజ్జిగ తాగు."

మేము బయలుదేరేటప్పుడు గట్టు అవతల నుంచి పెద్ద ఈరన్న వచ్చాడు. చిన్న ఈరన్న వైపు చూడలేదు. అక్కతోనే మాట్లాడాడు.

"పాపా, ఆ రైలుకట్ట బోరుకు నీళ్లు పడినాయా?"

"పడినాయి."

"సరే," అని వెళ్లిపోయాడు.

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకుంది. రైలుకట్ట బోరు. మాటల్లేని మనిషి పేరు ఎత్తడం ఇష్టం లేక బోరు పేరు ఎత్తాడు. గుర్తు చేసుకుంటే ఆ రోజంతా అక్కడ అందరూ అలాగే మాట్లాడారు. వేపమాను బోరు కాడికి పోయి తాడు తీసుకురా. కుంట కింద బోరులో నీళ్లు ఉప్పు.

"నేను మనిషిని పట్టుకుంటే చాలనుకున్నా," అంది నాతో. "మోటరు కాలితే మారుస్తారు. ఫోను ఊరందరిదీ. మనిషి సుగ్గికి పోతాడు. మోటరు మీద నంబరు ఉంటుంది కానీ అది పాతాళంలో ఉంటుంది, ఫోను చేసేటప్పుడు ఎవరూ చూడలేరు. బోరు ఒక్కటే తవ్విన చోట నుంచి కదలదు. గీతలన్నీ బోరు నుంచి గీయాల్సింది."

మరునాడు ఆమె పెదనాన్న దగ్గరికి వెళ్లింది.

"ఉగాది దాకా అన్నావు నాయనా. ఉగాది ఇంకా రాలేదు."

పెదనాన్న గోడ మీది క్యాలెండరు చూశారు. "రాలేదు," అన్నారు. "అయితే నేను చూసి సరే అనేదాకా దుకాణంలో సుద్దముక్కే."

ఆ రోజుల్లోనే ఆమె పొద్దుటి ఫోనులు మొదలయ్యాయి. బోర్ల పేర్లు కావాలి కాబట్టి అప్పట్లో రోజుకు ఎంతోమందికి చేసేది. నేరుగా మీ బోరు పేరేమిటని అడిగితే, అవతలివాళ్లు ఇది కరెంటాఫీసు ఫోనేమోనని భయపడి పెట్టేస్తున్నారు. అందుకని ముందుగా, నీళ్లు వస్తాండాయా అని అడగడం నేర్చుకుంది. ఆ మాటకు ఎవరూ ఫోను పెట్టేయరు. తక్కినదంతా వాళ్లే చెప్పేవారు.

రెండోసారి రాసినప్పుడు తెలుగు అక్షరాల్లోనే రాసింది. కంప్యూటరులో తెలుగు కనపడేలా చేయడానికి ఏదో సీడీ కోసం ఊరంతా తిరిగింది. తెర మీద పెట్టే మాటలకు నన్ను అడిగింది. సి.ఆర్.ఎం. అంటే వినియోగదారుల సంబంధాల నిర్వహణ అని నేను బుద్ధిగా రాసిచ్చాను. ఆమె అది రెండుసార్లు చదివింది.

"ఇది రామాంజి చదివేలోపల మోటరు తుప్పు పడుతుంది," అంది. తెర పైన "బోర్లు" అని మాత్రం పెట్టింది. దాని కింద, ఊళ్లో ఏమంటారు అని ఒక గడి. అందులో ఎవరు ఏం చెబితే అది, కత్తిరించకుండా.

పాత నియమాలు రెండూ తీసేసింది. ఇద్దరు ఒక్కరిలా కనపడితే కంప్యూటరు ఇక కలపదు. ఇద్దరూ ఒక్కరేనా అని అడిగి ఊరుకుంటుంది. జవాబు మనిషే చెప్పాలి.

ఉగాదికి ఇంకా కొన్ని రోజులున్నాయనగా దాన్ని దుకాణంలో బిగించింది. ఈసారి కావలసినవన్నీ ఒకే సీడీలో కట్టి తెచ్చింది, మొదటి రోజే తెరుచుకుంది. కానీ పెదనాన్న దానివైపు చూడలేదు. షట్టరు మీద సుద్దరాతలు అలాగే సాగాయి.

ఒక రోజు అక్క బ్యాంకుకు వెళ్లిన సమయంలో ఫోను మోగింది. తేజేశ్వర్ ఎత్తి, అలవాటుగా స్పీకరు నొక్కాడు. పెదనాన్న అగ్గిపెట్టెలో సుద్దముక్క కోసం వెతుకుతున్నారు. నేను మూల కుర్చీలో ఉన్నాను.

"కోసిగి నుంచి శేషన్నను. ఈరన్న మోటరు కాలిందంట, రాసుకోండి."

"ఏ ఈరన్న?" అన్నాడు తేజేశ్వర్.

"ఈరన్నప్పా. ఈడ నిలబడి ఉండాడు."

సుద్దముక్క దొరకలేదు. తేజేశ్వర్ కంప్యూటరు వైపు తిరిగి కోసిగి అని కొట్టాడు. బోర్ల పేర్లు కిందకు పరుచుకున్నాయి. అతను చదవడం మొదలుపెట్టాడు.

"రైలుకట్ట బోరా, వేపమాను బోరా, కుంట కింద బోరా?"

అవతల ఎవరితోనో గుసగుస.

"కుంట కింద. అది సరేగానీ, మా ఊరికి ఎప్పుడొచ్చినావప్పా నువ్వు?"

"రాలేదు."

"రాకుండానే బోర్లన్నీ తెలుసునే నీకు. ఈరన్నా, ఇదో, కర్నూల్లో శెట్టి కొడుక్కు నీ బోరు తెలుసంట."

అవతల నవ్వులు వినపడ్డాయి. తేజేశ్వర్ కూడా నవ్వాడు. ఫిర్యాదు ఎక్కించి చీటీ అచ్చు తీశాడు. రామాంజి దాన్ని తీసుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా ఒక్కసారి చదువుకుని, సంచి భుజాన వేసుకున్నాడు.

"కుంట కింద అంటే ఊరికి ఈ పక్కే. రాత్రికి వచ్చేస్తా," అని మెట్లు దిగాడు.

పెదనాన్న అగ్గిపెట్టె మూసి బల్ల మీద పెట్టారు. "తేజా, ఆ హైదరాబాదు వాళ్లకు ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు."

"ఉగాది దాకా చూద్దామంటివి కదా నాయనా."

"చూసినా కదా."

అక్క బ్యాంకు నుంచి వచ్చింది. ఆమె కుర్చీలో కూర్చుని, తెర మీద తాను ఎక్కించని ఫిర్యాదు ఒకటి చూసి, తేజేశ్వర్ వైపు చూసింది. అతను పాత బిల్లులు సర్దుతున్నట్లు నటించాడు. సాయంత్రం షట్టరు దించేటప్పుడు దాని మీద రాతలేవీ లేవు.

తరువాత మోటర్ల కంపెనీ మనిషి వచ్చాడు. అతనికి తెలుగు రాదు. తెర మీది అక్షరాలన్నీ చాలాసేపు చూసి, లెక్కలు మాత్రం ఇంగ్లీషులో ఇవ్వగలవా అని అడిగాడు. అక్క ఇచ్చింది. మరమ్మతుల హక్కు దుకాణానికే దక్కింది.

మరో రెండేళ్లకు పెద్దమ్మ తరఫు చుట్టం ఒకాయన ఎర్రగుంట్ల నుంచి వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీల లారీలకు విడిభాగాలు అమ్మే దుకాణం ఆయనది. అలాంటిదే తనకూ ఒకటి రాసివ్వమన్నాడు. అక్క వెంటనే ఒప్పుకోలేదు. ముందు ఎర్రగుంట్ల పోయి, ఆయన దుకాణంలో ఒక స్టూలు వేసుకుని, వచ్చిన డ్రైవర్లు లారీలను ఏమని పిలుస్తున్నారో వింటూ కొన్నాళ్లు కూర్చుంది. తరువాతే కాగితం మీద గళ్లు గీసింది.

ఇప్పుడు శ్రీవాసవికి ముప్పై ఏళ్లు. పొద్దున పూట పెదనాన్న దుకాణంలో ఉంటుంది. మధ్యాహ్నం నుంచి ఆ దుకాణం పైగదిలో ఇద్దరు అమ్మాయిలతో కలిసి కర్నూలు, కడప జిల్లాల అంగళ్లకు ప్రోగ్రాములు రాస్తుంది. నెలకోసారి బస్సులో ఎర్రగుంట్లకు పోయి, ఆ స్టూలు మీద కూర్చుని డ్రైవర్ల మాటలు విని వస్తుంది.